ఎడం పక్కకి మారిన బ్రేకు

"గోళ్ళలో ఆ నలుపేంటి?" అన్నాడు లాయిడ్.

కోరలీ చేతులు వెనక్కి దాచుకోబోయింది. మళ్ళీ ఏమనుకుందో, కత్తి తీసుకుని అతని పళ్ళెంలో మాంసం కూడా తనే చిన్న ముక్కలుగా కోసి ముందుకి జరిపింది.

"తోటలో బెర్రీలు కోశాను లే."

"బెర్రీ మరక ఎర్రగా ఉంటుంది. అది గ్రీజు."

"అయితే గ్రీజే. తిను, చల్లారిపోతోంది."

అబద్ధం చేతకాని మనిషి అబద్ధమాడితే ఇంట్లో చెంచా చప్పుడు కూడా పెద్దగానే వినిపిస్తుంది. లాయిడ్ ఆ పూట పళ్ళెం సగంలోనే పక్కకి నెట్టేశాడు. మొన్నటికి మొన్న తను కుర్చీలో కునుకు తీస్తుంటే కోరలీ దారం ముక్క పట్టుకుని మీదికి వంగింది. అదేమిటంటే స్వెటరుకి కొలత అంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క మేజోడు అల్లిన పాపాన పోలేదు!

కలపమిల్లు పని మానిన దగ్గర్నించీ లాయిడ్ గడప దాటడమే తక్కువ. ఒకప్పుడు వాళ్ళుండే హ్యూన్ లోయలో అతను సైకిలు తొక్కని కొండదారి లేదు. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుని, రోడ్డున పోయేవాళ్ళని తిట్టుకోవడమే ఉద్యోగం. ఇలాంటి మొగుడితో ఏ ఆడది ఎన్నాళ్ళుంటుందని అతనికే అనిపించేది. పైకి అంటే ఎక్కడ నిజమైపోతుందోనని ఆ మాట ఎన్నడూ అనలేదు.

మర్నాడు అతను లేచేసరికే కోరలీ ఇంట్లో లేదు. జామ్ సీసాని మోకాళ్ళ మధ్య ఇరికించి మూత తిప్పబోయాడు. అది రాలేదు. విసుగొచ్చి, సీసా అలాగే వదిలేసి, కోటు భుజాన వేసుకుని రొట్టెల కొట్టుకి నడిచాడు.

"అబ్బో, సూర్యుడివాళ ఎటు పొడిచాడో!" అంది కొట్టు నడిపే బెరిల్. "మీ ఆవిడేమో నెవిల్ షెడ్డులోనే కాపురం పెట్టిందాయె. ఈ వయసులో సైకిళ్ళ మీద అంత మోజేమిటయ్యా ఆవిడకి?"

"నీ రొట్టెలు మాడుతున్నాయేమో చూసుకో," అని వెనక్కి తిరిగాడు లాయిడ్. కాళ్ళు ఇంటివైపు పోలేదు.

నెవిల్ సైకిళ్ళు బాగుచేసే షెడ్డు తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరు. మధ్యలో స్టాండు మీద బిగించి ఉన్న సైకిలుని చూసి అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. అది తనదే. కుర్రతనంలో కొన్న కొండ సైకిలు. "తీసుకెళ్ళి చెత్తలో పారెయ్" అని కిందటేడు తనే కోరలీ మీద అరిచింది దాని గురించే.

పారెయ్యలేదన్నమాట. తుప్పు గీకి, ఆకుపచ్చ రంగు వేశారు. రోజూ ఊళ్ళో తిరగడానికి వీలుగా వెనక క్యారియరు, రెండు మడ్గార్డులు పెట్టారు. సీటు మాత్రం తనుంచిన ఎత్తునే ఉంది. ఆ మాటకొస్తే నెవిలూ తనంత పొడుగే.

సైకిలెరిగినవాడికి హ్యాండిలు చూస్తే చాలు, తొక్కేవాడెవడో తెలిసిపోతుంది. ముందు చక్రం బ్రేకు వైరు కుడిపక్కకి రావాలి. ఇక్కడ ఎడం పక్కకి పోయింది. గేరు మీటా అటే, గంటా అటే. కుడిపక్క బ్రేకు పిడి ఊసే లేదు, ఇంకా బిగించలేదు కాబోలు. దాని చోట తోలు అతికించిన లోతైన గిన్నె ఒకటి ఉంది. కాఫీ కప్పు పెట్టుకోవడానికా? భోగమే!

ఊరి క్రికెట్ జట్టులో ఎడంచేత్తో బంతి తిప్పేవాడు ఒక్కడే. నెవిల్.

నా సైకిలు. నా పెళ్ళాం. లాయిడ్ బల్ల మీది పెద్ద పానా అందుకున్నాడు. అంతలో బయట మాటలు వినబడి తలుపు చాటుకి జరిగాడు.

"ఇంకా ఎన్నాళ్ళు దాస్తావు కోరలీ? మీ ఆయనకి చెప్పెయ్యరాదూ," అంటున్నాడు నెవిల్.

"ఇవాళే చెప్పేస్తాను. కొంపలంటుకుంటే అంటుకోనీ. ఇలా దొంగలా రావడం ఇక నా వల్ల కాదు."

వాళ్ళు లోపలికి అడుగు పెట్టగానే లాయిడ్ అడ్డంగా నిలబడ్డాడు. పానా పైకి లేచే ఉంది.

"ఎవడి కోసమే ఈ సింగారమంతా?"

నెవిల్ గోడకి అతుక్కుపోయాడు. "ముందు ఆ పానా దింపవయ్యా మహానుభావా! ఈ తలతో నాకింకా పనుంది."

కోరలీ మాత్రం అంగుళం కదల్లేదు.

"నీ కోసమే. ముందే చెబితే ఒప్పుకునేవాడివా? నా మీద జాలేంటే అని ఇల్లు పీకి పందిరేసేవాడివి. ఇక ఎక్కి తొక్కుతావో, దాంతో నా బుర్రే పగలగొడతావో నీ ఇష్టం."

లాయిడ్ మళ్ళీ హ్యాండిలు వంక చూశాడు. ఈసారి వైరు వెంట చూపు చివరిదాకా పోనిచ్చాడు. వెనక బ్రేకు వైరు కూడా ఆ ఎడం పిడిలోకే వచ్చింది. తోలుగిన్నె లోతు చూశాడు. కోరలీ చేతిలోని దారం గుర్తొచ్చింది.

హ్యాండిలు పట్టుకోవాలంటే పానా వదలక తప్పలేదు. అది ఖణేల్మని నేల మీద పడింది. నెవిల్ భయంభయంగా వచ్చి స్టాండు మీది రెండు చక్రాలూ తిప్పాడు. లాయిడ్ పిడి నొక్కాడు. రెండూ ఒక్కసారే ఆగాయి.

మిల్లు రంపం అతనికి మిగిల్చింది ఆ ఎడం చెయ్యొక్కటే. కుడి మొండిచెయ్యి తోలుగిన్నెలో కొలిచినట్టు ఇమిడింది.