బొంత మీద పిడికెడు మన్ను

“ఆపరా!”

మాసిలామణి అయ్యగారి కేకకు చిన్నబ్బ చేతిలోని మన్ను చేతిలోనే ఉండిపోయింది. ఎదురుగా నులకమంచం మీద, తెల్లదుప్పటి కప్పిన బొంత చుట్ట. చిత్తూరు మెథడిస్టు బోధకుల బడిలో సమాధి ఆరాధన నేర్పేది దాని మీదే. శవమనుకొని వాక్యం చదవాలి, ప్రార్థన చేయాలి, పిడికెడు మన్ను వేయాలి. గొంతు తొణకకూడదు.

చిన్నబ్బ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

“బొంతరా అది! లోపల పాత చీరలుండాయి. దేనికి ఏడుస్తా ఉండావు?”

“తెలుసయ్యా.”

“తెలిసీ?”

“మన్ను చేతిలోకి తీసుకుంటానే ఎవరో ఒకరి ముఖం కనపడతాదయ్యా. నేనేం చేసేది?”

వెనక బెంచీలోంచి గురప్ప అందుకున్నాడు. “ఏం లేదయ్యా, చలికాలమంతా ఆ బొంతే కప్పుకొని పండుకున్నాడు. రుణం తీరలేదు పాపం!”

బడి గొల్లుమంది. అయ్యగారు మాత్రం నవ్వలేదు.

“ఇంటి మనుషులు ఏడవచ్చురా. బోధకుడు ఏడవకూడదు. గుంత కాడ అందరూ నీ గొంతు పట్టుకొనే నిలబడతారు. అదే తెగిపోతే వాళ్ళు యాడ పడాల?”

చిన్నబ్బ ప్రసంగం పరీక్షలో గెలిచాడు. బాప్తిస్మం, పెండ్లి, ప్రభురాత్రి భోజనం, అన్నీ గెలిచాడు. ఈ ఒక్కటే మిగిలింది. ఒకే ఆరాధనలో మూడుసార్లు తప్పినవాణ్ణి ఇంటికి పంపేయడం ఆ బడి కట్టుబాటు. ఇది మూడోసారి.

“ఇంకొక్కసారి చూడండయ్యా,” అన్నాడు మెల్లగా. “మా ఊర్లో బోధకుడు లేడు. పోయిన వానల్లో సుందరమ్మవ్వ సచ్చిపోతే, చదివేవాళ్ళు వస్తారేమో అని పొద్దుగూకేదాకా గుంత కాడనే కూర్చున్యాము. ఎవరూ రాలా. ఊరికే పూడ్చినాము, కుక్కను పూడ్చినట్ల. అందుకే నన్ను ఈడికి పంపినారు. ఇప్పుడు పోయి వాళ్ళకేం చెప్పేది?”

అయ్యగారు బెంచీల వైపు తిరిగారు. “జయరామ్, నువ్వు రా,” అన్నారు.

జయరామ్ వచ్చాడు. రేడియోలో వార్తలు చదివినట్టు, ఎక్కడా తడబడకుండా చదివాడు. మన్ను వేశాడు. చెయ్యి దులుపుకొని, గోళ్ళు ఒకసారి చూసుకొని పక్కకు నిలబడ్డాడు.

“చూసినావా? అట్లుండాల,” అన్నారు అయ్యగారు. ఆ మాట అంటూ ఆయన జయరామ్‌ను చూడలేదు, చిన్నబ్బనూ చూడలేదు. బొంత వంకే చూస్తూ కాసేపు నిలబడిపోయారు.

“చిన్నబ్బా, పెట్టె సర్దుకో.”

గేటు దాకా రేకుపెట్టె గురప్పే మోశాడు. “నవ్వినందుకు ఏమనుకోవద్దబ్బా,” అన్నాడు. చిన్నబ్బ తల ఊపాడు. ఏమన్నా అనుకోవడానికి కూడా లోపల ఏమీ మిగల్లేదు.

బస్టాండు నిండా మామిడికాయల గంపలు. ఎస్టీడీ బూతు పక్కన పలమనేరు బస్సు నిలబడి ఉంది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాడు. పలమనేరుకు పోతే ఊరు వస్తుంది. ఊరు వస్తే ముసలివాళ్ళంతా “మా అయ్యగారొచ్చినాడు” అంటూ ఎదురొస్తారు. తన కోసమే గుడికి సున్నం కొట్టి పెట్టారు. ఆ సున్నం ముందు నిలబడి ఏ ముఖంతో చెప్పాలి, మీరు సచ్చిపోతే చదవడానికి నేనూ పనికిరానని?

“యాడికప్పా?” అన్నాడు కండక్టరు.

చిన్నబ్బ కిటికీలోంచి గంపల వైపే చూస్తున్నాడు.

“అప్పా, నిన్నే! బస్సులో కూర్చొని దేవుణ్ణి తల్చుకుంటా ఉండావా? టికెట్టు యాడికి?”

“దావలో యాడన్నా మామిడి పల్పు ఫ్యాక్టరీ ఉంటే ఆడికియ్యన్నా,” అన్నాడు. ఊరికి పోయే ధైర్యం లేదు, అక్కడైతే కూలన్నా దొరుకుతుంది.

ఆ మాట వింటూనే కిటికీ కమ్మీని బయటినుంచి ఒక చెయ్యి పట్టుకుంది. మాసిలామణి అయ్యగారు. ఎండలో గొడుగు కూడా లేకుండా వచ్చారు. ఎగపోస్తున్నారు.

చిన్నబ్బ గబుక్కున లేచి నిలబడ్డాడు. “గెలిచినట్ల రాసినారా అయ్యా?”

“లేదు. తప్పినట్టే రాసినా. ఆ కాయితం సూపరింటెండెంటు దొర కాడికి పోయింది కూడా. నేను మార్చలేను. మార్చేదానికి రాలా.”

చిన్నబ్బ మళ్ళీ సీట్లో కూర్చున్నాడు. “మరెందుకొచ్చినారయ్యా ఇంత ఎండలో?”

డ్రైవరు బస్సు కదిలించాడు. అయ్యగారు కమ్మీ వదల్లేదు. బస్సుతోపాటు నాలుగడుగులు వేశారు. ఆ వయసులో అంత వేగంగా నడవడం చూసి గంపల దగ్గరి ఆడవాళ్ళు తలలు తిప్పారు.

“మీ ఊరికే పో నాయనా, ఫ్యాక్టరీకి పోవద్దు. నేను కబురు పెడితే నీకు అందాల.”

“ఏం కబురయ్యా?”

బోధకులు కాబోయే వాళ్ళకు ఇన్నేండ్లు తొణకకూడదని నేర్పిన ఆ గొంతు, మొదటిసారి తొణికింది.

“క్రిస్మస్ దాకా బతకనని వేలూరు డాక్టరు చెప్పేసినాడురా. నేను తయారుచేసినోళ్ళంతా కండ్లు తడవకుండా నన్ను పూడ్చి పోతారు, నువ్వొచ్చి చదువు.”