పడబడును

తప్పు కనిపిస్తే దిద్దడం పుణ్యమా, పాపమా? ఈ అనుమానం ఇరవై ఏళ్ళుగా నన్ను వదల్లేదు. రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని అడుగుతాను. ఆయన పలకడు. సృష్టి చేశాక ప్రూఫులు చూసుకునే అలవాటు ఆయనకు లేనట్టుంది. నన్ను చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది.

నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. ఇరవై ఏళ్ళ క్రితం మా కార్మిక సంఘం కార్యదర్శి పదవికి ఇద్దరు పోటీ చేశారు. మొదటాయన మెషిన్ ఆపరేటరు. నినాదాల జోలికి పోకుండా అందరికీ టీ తాగించాడు. రెండో అభ్యర్థికి మాత్రం నినాదం కావాల్సి వచ్చింది. ‘మీ కష్టాలు నేను పడతాను’ అంటే సరిపోయేది. అందులో బరువు లేదనుకున్నాడు. నాయకుల ఉపన్యాసాలు విని విని చివరికి ఆ మహానుభావుడు ఇలా తేల్చాడు:

‘మీ కష్టాలు ఇకపై నా చేత పడబడును.’

దాన్ని అచ్చుకు కూర్చింది కంపోజిటరు బాబాయి. ఎవరికీ చుట్టం కాదు, అందరికీ బాబాయే. సీసం అక్షరం చేత్తో పట్టుకుని ఆగిపోయాడు.

“పడేవాడు పడతాడు. పడబడ్డం ఏంట్రా?” అని అభ్యర్థినే అడిగాడు.

“బరువుండాలి బాబాయ్.”

“బరువు సరే. మోసేవాడెవడు?”

అభ్యర్థి వినలేదు. నినాదం గోడకెక్కిన గంటలో ఆఫీసంతా పాకిపోయింది. ‘టీ నా చేత తాగబడును.’ ‘సెలవు నా చేత పెట్టబడును.’ అభ్యర్థికి ‘పడబడుగారు’ అన్న పేరు ఖాయమైపోయింది.

ఓటు చీటీ మీద కూడా పేరు, పేరు కింద నినాదం అచ్చు వేశారు. గడిలో టిక్కు పెట్టి, మడిచి, డబ్బాలో వేయాలి. ఆ రోజు నా జేబులో పెన్సిలు లేదు. నా వెనక నిలబడ్డ బాబాయి తన ఎర్ర పెన్సిలు అందించాడు.

“మళ్ళీ ఇచ్చెయ్యాలి రోయ్.”

తెర వెనక్కి వెళ్ళాను. రెండో అభ్యర్థికే టిక్కు పెట్టాను. మడవబోతుంటే ‘పడబడును’ కంటబడింది. చేతిలో ఎర్ర పెన్సిలు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. ‘నా చేత’ కొట్టేసి ‘నేను’ అని రాశాను. ‘పడబడును’ కొట్టేసి ‘పడతాను’ చేశాను. అంచులో దిద్దుబాటు గుర్తు కూడా పెట్టాను. ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

లెక్కింపులో మేనేజరు ఆ చీటీ పైకెత్తి చూపించాడు. “టిక్కు తప్ప ఏం రాసినా చెల్లదు” అన్నాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. లెక్క తేలేదాకా నవ్వారు. ముప్ఫై ఒకటికి ముప్ఫై. ఆ చీటీ చెల్లి ఉంటే సమానం. సమానమైతే సీనియారిటీ మీద పదవి పడబడుగారిదే.

ఎర్ర పెన్సిలు, దిద్దుబాటు గుర్తులు. ఆఫీసులో అవి వాడేవాళ్ళం ఇద్దరమే, బాబాయీ నేనూ. నన్ను ఎవరూ అనుమానించలేదు. బాబాయి మాత్రం ముందే నినాదాన్ని తప్పుపట్టాడు కదా. ‘వెన్నుపోటు బాబాయి’ అన్నారు. టీ తాగేచోట ఆయన పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

నేను నోరు విప్పలేదు. పెన్సిలూ తిరిగి ఇవ్వలేదు. ఇస్తే ఎక్కడ బయటపడిపోతానో అని భయం.

మొన్న, ఆయన రిటైరయ్యే ముందు రోజు, ప్రూఫుల గదిలోకి పిలిచి చెప్పేశాను.

“బాబాయ్, ఆ చీటీ దిద్దింది నేను.”

“అప్పటికే పదేళ్ళుగా నీ దిద్దుబాట్లు చూసి అక్షరాలు మారుస్తున్నాను. నీ రాత పోల్చుకోలేననుకున్నావురా?”

“మరి చెప్పలేదే?”

“ద్రోహి అంటే నాలుగేళ్ళు తిట్టి ఊరుకుంటారు. వెర్రివాడంటే చచ్చేదాకా నవ్వుతారు. నువ్వు తట్టుకోలేవులే అనుకున్నా.”

“నాలుగేళ్ళు కాదుగా, ఇరవై అయింది.”

“అదే, లెక్క తప్పింది.” ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “రేపు నా వీడ్కోలు సభకి వస్తానని మనవరాలు ఒకటే గొడవ. వద్దన్నాను. ఎవడో ఒకడు నన్ను ఆ పేరు పెట్టి పిలవకమానడు.”

మర్నాడు ఆ పిల్లను నేనే వెళ్ళి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాను. మైకు దగ్గరికి వెళ్ళి, ఎర్ర పెన్సిలు బాబాయి చేతిలో పెట్టాను.

“ఇది ఈయన దగ్గర ఎరువు తీసుకున్నది. దీంతో ఆ ఓటు చెడగొట్టింది బాబాయి కాదు, నేను” అన్నాను. ‘చెడగొట్టబడింది’ అనలేదు.



వెనక వరసలోంచి మెషిన్ ఆపరేటరు మెల్లగా లేచి, “అయితే పడబడుగారూ, ఆ రోజు మీ ఓటు మీరే చెడగొట్టుకుని నన్ను గెలిపించారన్నమాట” అన్నాడు.