గుమ్మం దగ్గర మాట

మా విహార క్లబ్బులో సభ్యులకి ఏటా ఒక వారం అరకు కాటేజీ ఇస్తారు. క్లబ్బుని ఇప్పుడు ఓ జ్ఞాపకాల కంపెనీతో కలపాలా వద్దా అని ఈ సాయంత్రం ఓటింగ్. కలిపితే ఇక ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. వెళ్ళొచ్చిన జ్ఞాపకాన్ని తిన్నగా తలలోకి ఎక్కించేస్తారు.

మావారు ధనుంజయ్ నిన్ననే అరకు వెళ్ళొచ్చిన జ్ఞాపకం ఒకటి శాంపిల్‌గా ఎక్కించుకొచ్చారు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగాను.

"అక్కడ నేనూ ఉన్నానా?"

"లేకపోవడమేంటి! ఎంత నవ్వావో. ఒక్కసారి కూడా విసుక్కోలేదు."

చిక్కుడుకాయలు పక్కన పెట్టాను. "ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మన వాచ్‌మన్‌తో ఏమన్నాను?"

"'వెళ్తాం' అన్నావు."

"నేనా? పుట్టి బుద్ధెరిగాక గుమ్మంలో ఆ మాట అనలేదండీ. 'వెళ్ళొస్తాం' అంటాను. మీరు మర్చిపోతే వెనక్కి పిలిచి మరీ అనిపిస్తాను. ఆవిడెవరో నేను కాదు!"

ఆయన నన్ను ఆవిడతో పోల్చుకుంటున్నట్టు కాసేపు చూశారు.

"ఆవిడతో హాయిగా ఉంది, వకుళా."

ఓటింగ్‌కి టైమైందని చెప్పులేసుకున్నారు. గుమ్మం దాటుతూ, వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"వెళ్తాను."

వెనక్కి పిలవడానికి నోరు తెరిచాను. విసుక్కున్నాననుకుంటారేమోనని, నవ్వుతూ నించున్నాను.