నిలబడ్డ వీరభద్రయ్య

కోమాలో ఉన్న మనిషి నిలబడి నవ్వుతున్నాడు.

ఓదెలు అట్టపెట్టెలోంచి బొమ్మను తీసి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. జానెడు బొమ్మ. పంచె, కండువా, నెరిసిన మీసం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కళ్లు మాత్రం తెరిచి ఉన్నాయి. పైగా చేతులు జోడించి ఉన్నాడు.

"కోమాల ఉన్నోడు దండం వెడుతడా?" అన్నాడు ఓదెలు, గోడతో.

'నాలుగు గుమ్మాల ఇల్లు' సీరియల్ ఆయన ఒక్క రోజు తప్పలేదు. జలమండలిలో రిటైరయ్యాక పురానాపూల్ ఇంట్లో ఆయనకు మిగిలిన పనులు రెండే. పొద్దున దేవుడి పూజ, రాత్రి సీరియల్. అందులోని మనుషుల్ని బొమ్మలుగా చేసి అమ్ముతున్నారని తెలిసినప్పటి నుంచి ఒక్కొక్కటే తెప్పించి, దేవుడి గూటి పక్కన అరలో పేర్చాడు. అగరొత్తి వెలిగిస్తే పొగ అటు కూడా పోయేది. ఏమీ అనుకోవు కదా అని దేవుణ్ణి ఓసారి అడిగాడు. దేవుడు ఏమీ అనలేదు.

చిన్న కోడలు బొమ్మ ఎర్ర చీరలో వచ్చింది. పచ్చ చీరలో వచ్చింది. పెళ్లి చీరలో, జైలు చీరలో కూడా వచ్చింది. ఇంటి కుక్క వచ్చింది. సీరియల్లో కోమాలో మంచం పట్టిన ఇంటి పెద్ద వీరభద్రయ్య మాత్రం రాలేదు. ఓదెలు కంపెనీకి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. చివరికి వచ్చాడు. ఇదిగో, ఇలా.

వీధి చివర గాజుల దుకాణం తాహిర్ ఆ బొమ్మను చూసి పడీ పడీ నవ్వాడు.

"అరే ఓదెలన్నా, ముబారక్! మీ పెద్దాయన లేచిండు. టీవీల డాక్టర్లతోని గాలే, బొమ్మల కంపెనీ లేపింది. క్యా కరామత్ హై, ఏం మహిమ!"

"నవ్వకు భాయ్. నా పానం గుంజుతాంది."

బల్ల మీద పడుకోబెట్టి చూశారు. పాదాలు గుండ్రటి దిమ్మెకు అతికి ఉన్నాయి. తల కిందికి, కాళ్లు పైకి అయ్యాయి.

"పండినట్టు లేదు, మంచం మీదికెళ్లి పడ్డట్టుంది" అన్నాడు తాహిర్.

ఓదెలు ఇంటికొచ్చి కంపెనీకి ఫోన్ చేశాడు. ఎప్పుడు చేసినా ఒకే అమ్మాయి ఎత్తేది.

"నమస్కారం, స్వీటీని మాట్లాడుతున్నాను. చెప్పండి ఓదెలు గారూ."

"బిడ్డా, ఆయన నిలవడ్డడు."

"మా బొమ్మలన్నీ నిలబడే ఉంటాయి సార్. అన్నిటికీ ఒకే అచ్చు."

"కోమాల ఉన్నోనికి గూడ గదే అచ్చా? మంచం ఏది? మంచం లేకుంటే ఆయన వీరభద్రయ్యే గాదు."

"మంచం చేసే ఆలోచన కంపెనీకి లేదు సార్. బొమ్మను వెనక్కి పంపేస్తారా?"

"ఇంటి పెద్దను వాపస్ పంపుతరా ఎవలన్న?"



"అంతమంది ఉన్నారు కదా సార్. మీకు ఆయనే ఎందుకు?"

"ఆయన మాట్లాడడు, మెదలడు. గానీ ఇంట్ల ఎవలకు బాధొచ్చినా ఆ మంచం కాడికొచ్చి చెప్పుకుంటరు. కోడండ్లు గూడ. నేను బతికే ఉన్న, నా చెవులు మంచిగ ఇనవడతయి. నా కోడలొచ్చి ఏడాదాయె, పొద్దంత మేడ మీద కూసొని ఏందో నౌకరీ చేస్తది, నాతోని ఒక్క మాట లేదు. నేనొస్తే చున్నీ సదురుకొని పక్కకు జరుగుతది."

"మీరెప్పుడైనా పలకరించారా సార్?"

"మామ పోయి కోడల్ని ఏమని పలకరిస్తడు? మా తాన గట్ల లేదు." ఓదెలు ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు. "నీతోనైతే మాట మంచిగొస్తది. పెండ్లయిందా బిడ్డా నీకు?"

"సొంత విషయాలు చెప్పకూడదు సార్, రూలు. మీ ఫిర్యాదు రాసుకుంటాను. ఆ దిమ్మె ఎంత ఉంది?"

"చాయ్ గిలాస అడుగంత ఉంటది. రాసుకుంటే మంచమొస్తదా?"

"కంపెనీ నుంచి రాదు సార్. మీకు అబద్ధం చెప్పను."

ఓదెలు ఫోన్ పెట్టేశాడు. వీరభద్రయ్యను అట్టపెట్టెలోనే పడుకోబెట్టి మూత వేశాడు. ఆ రోజు సీరియల్ పాట మోగినా టీవీ ముందుకు పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మేడ మీది గదిలోంచి కోడలు స్రవ్య, మెడలో హెడ్‌ఫోన్‌తో దిగివచ్చి, కాళ్ల వైపు చాయ్ గ్లాసు అడుగంత కంత పెట్టి అట్టతో చేసిన చిన్న మంచాన్ని ఓదెలు ముందుంచి, "ఇక పడుకోబెట్టండి సార్" అంది.