అమ్మాయి ఊరి తుఫాను

“అది ఎప్పటిదో పాత వీడియో అమ్మా. అందులో కొట్టుకుపోయే బస్సు మన వైపుది కూడా కాదు,” అంది చిట్టి ఫోనులో.

తల్లి నోట్లో పట్టుకున్న గుండుసూదులు తీసి కుట్టుమిషను మీద పెట్టింది. పొద్దుట్నుంచి ఒకే చొక్కా చెయ్యి తిరగేసి కుట్టడం, విప్పడం, మళ్లీ తిరగేసే కుట్టడం. చేతులు ఇక్కడున్నా ప్రాణం కూతురి దగ్గరుంది. చిట్టి కాపురం సముద్రం పక్కనే. ఏడో నెల. అల్లుడికేమో షిఫ్టు డ్యూటీలు.

“మరి ఏది నమ్మమంటావే? ఒకడు ప్రళయం అంటాడు. ఇంకొకడు పాట పెట్టి మరీ మేఘాలు చూపిస్తున్నాడు.”

చిట్టి ఓపిగ్గా చెప్పింది. గొంతు చించుకునేవాళ్ల జోలికి పోవద్దంది. వాతావరణ శాఖ వాళ్ల సొంత పేజీ ఒక్కటే చూడమంది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో రాసి లేకపోతే దేన్నయినా సరే మూసెయ్యమంది. లింకు తనే పంపి, పైన గడిలో ఊరి పేరు కొడితే ఆ ఊరి సంగతి వస్తుందని కూడా చెప్పింది.

తల్లి కొంగుతో కళ్లజోడు తుడుచుకుని, ఒక్క వేలితో కూతురి ఊరి పేరు కొట్టింది. పెట్టిన టైము గోడ గడియారంతో సరిచూసుకుంది. శాఖ వాళ్లదే, ఇవాళ్టిదే. ఆకుపచ్చ రంగులో రెండే మాటలున్నాయి. తేలికపాటి జల్లులు.

ఆ ‘తేలిక’ అన్న మాట దగ్గరే ఆవిడ ఆగిపోయింది. చిన్నప్పుడు చిట్టి చెయ్యి విరిగితే బడివాళ్లు పంపిన కబురు ‘చిన్న దెబ్బ’ అనే. మామగారు మంచాన పడ్డప్పుడు ఇంట్లోవాళ్లు చెప్పింది ‘కాస్త నలత’ అనే. ఎవరైనా తేలిక అన్నారంటే ఆవిడకి అసలు భయం అప్పుడే మొదలవుతుంది.

మళ్లీ ఫోను చేసింది. “జల్లులట. ఇంత తుఫాను పెట్టుకుని జల్లులేమిటే? దాస్తున్నారు.”

“నువ్వు చూసింది మా ఊరేనా?”

“మరి ఎవరి ఊరు చూస్తానే, నా తల్లీ.”

అటు నుంచి ఫోను మీద ఏదో కొడుతున్న టకటక వినిపించింది. తర్వాత చిట్టి గొంతు చిన్నపిల్ల గొంతయిపోయింది.

“అమ్మా, నాకు భయంగా ఉంది. ఆయన డ్యూటీకి వెళ్లిపోయారు. ఇప్పుడున్న బస్సుకి వచ్చెయ్యవూ?”

పెళ్లయినప్పటి నుంచీ కూతురు ఎన్నిసార్లు రమ్మన్నా, మిషను వదిలి ఎలా వస్తానే అనేది ఆవిడ. ఇవాళ ఆ మాటే గుర్తు రాలేదు. మిషను మీద దుప్పటి కప్పి కొట్టుకి పరుగెత్తింది. అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. ‘నెలలు నిండుతున్న పిల్ల ఒంటరిగా ఉంది బాబూ’ అంటూ మోచేతులతో దారి చేసుకుని, ఉన్న ఒక్క కొవ్వొత్తుల పెట్టె చేజిక్కించుకుంది. అగ్గిపెట్టెలు, బిస్కెట్లు, బారెడు తాడు కూడా కొంది.

ఎదురింటి వడ్రంగి నిచ్చెనెక్కి తన కిటికీలకి చెక్కలు కొడుతున్నాడు. కూతురి కిటికీకని గుప్పెడు మేకులు అడిగితే ఇచ్చాడు. ఊరికి వెళ్తున్నానంటే అతని మొహం విప్పారింది.

“మంచి పని చేస్తున్నావక్కా. తాళం ఇచ్చి వెళ్లు. నీ మిషను అటక మీదకి ఎక్కించేస్తాను.”

అటక మీదకెందుకో ఆవిడకి అర్థం కాలేదు. అడిగే తీరికా లేదు. ఇంటికి తాళం వేసి చెవి అతని చేతిలో పెట్టింది. ఆ పని కాగానే తనూ పెళ్లాం పిల్లలతో అత్తవారింటికి బయల్దేరతానన్నాడు. ఈ గాలిలో ఇతనికి అల్లుడి మర్యాదలు కావలసివచ్చాయా అని నవ్వుకుంది.

బస్సులో కాలు పెట్టే చోటు లేదు. అందరి ఒళ్లోనూ మూటలే, పిల్లలే. పాపం, వీళ్లందరికీ అక్కడ కూతుళ్లున్నట్టుంది అనుకుంది. కిటికీ పక్కనామెకి పేజీ చూసే పద్ధతి కూడా నేర్పింది. ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, అంతే.

ఆవిడ దిగేసరికి ఆ ఊళ్లో సన్నగా తుంపర పడుతోంది. చిట్టి వాకిట్లోనే నిలబడి ఉంది. తల్లిని చూడగానే వచ్చి గట్టిగా వాటేసుకుంది. భయపడ్డ మనిషిలా లేదు. పైపెచ్చు నోటినిండా ఏదో నములుతోంది.

తల్లి కొవ్వొత్తులూ తాడూ మేకులూ బల్ల మీద పరిచింది. కిటికీలోంచి సముద్రం కేసి చూసింది.

“ఏదే నీ తుఫాను?” అని నిలదీసింది.

చిట్టి నవ్వుతూ తల్లి చేతిలోంచి ఫోను తీసుకుంది. అదే పేజీ తెరిచి, పైన గడిలో ఇంకో ఊరి పేరు కొట్టి చూపించింది.

ఎరుపంతా ఆవిడ తాళం వేసి వచ్చిన ఊరి మీదే ఉంది.