పుల్లలు పెట్టే ఎలక్ట్రాన్

ప్లేటులోంచి పల్లీ ఒకటి తీసి టక్కున నోట్లో వేసుకున్నాడు సతీశ్.

"అయ్యో, ఎలక్ట్రాన్‌ను మింగినవ్ గద బావా!" శైలజ గరిటె ఎత్తింది.

సర్వపిండిలోకి వేయించిన పల్లీలే ఎలక్ట్రాన్లు. స్టీలు ప్లేటుకు అంటించిన రెండు బొట్టుబిళ్లలు ఆక్సిజన్ పరమాణువులు. ఆదివారం పొద్దున్నుంచీ మొగుణ్ణి వంటింట్లో కూర్చోబెట్టి, మాలిక్యులర్ ఆర్బిటాల్ సిద్ధాంతం నూరిపోస్తోంది శైలజ.

"సరే, ఒకటి పాయె. ఇప్పుడు ఆక్సిజన్ బంధం ఏమైతది?"

"ఇంకేమైతది? వదులైతది."

శైలజ నెత్తి కొట్టుకుంది. "ఇంటర్ ఎట్ల పాసైనవు బావా నువ్వు?"

"మొక్కల గురించి అడుగు, కండ్లు మూసుకొని చెప్త. కెమిస్ట్రీ సారేమో నడుమల మానేసి పాయె. ప్రిన్సిపాల్‌కు ఏం బుద్ధి పుట్టిందో, రేపు పది గంటల కెమిస్ట్రీ క్లాసు బాటనీ చెప్పే నా మెడకు చుట్టిండు."

కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది పాపం అతని పరిస్థితి. రేపు కాలేజీలో అంతమంది ముందు నోరు పెగలకపోతే, ఇక సిద్దిపేటలో తలెత్తుకు తిరిగినట్టే!

"ఇను బావా. ఎలక్ట్రాన్లన్నీ ఒక్క తీరు ఉండవు. కొన్ని పెండ్లి పెద్దల లెక్క ఇద్దరిని కలుపుతయి. కొన్ని ఇద్దరి నడుమ పుల్లలు పెడ్తయి. ఆక్సిజన్ల అందరికంటే పైన కూసున్నది పుల్లలు పెట్టేటిది. అది పోతే?"

"పీడ పాయె! కాపురం గట్టిపడ్తది."

"అగో, గట్ల చెప్పు! బంధ క్రమం రెండు నుంచి రెండున్నరకు ఎక్కుతది. బంధం పొడుగు తగ్గుతది. మరి నైట్రోజన్ల?"

సతీశ్ తల గోక్కున్నాడు. "ఆడ పైన కూసున్నది పెండ్లి పెద్ద. అది పోతే మూడు కాస్త రెండున్నరకు దిగుతది. బంధం వదులైతది."

"శభాష్!" వేడి వేడి సర్వపిండి ముక్క అతని ముందు పడింది.

సతీశ్‌కు ప్రాణం లేచి వచ్చింది. అయినా మనసులో ఓ మూల గుబులు. మేనమరదలి అల్లరి అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు.

"రేపు నువ్వు సుత ఆడనే ఉంటవు. ఆ ఆక్సిజన్ ప్రశ్న అడిగి నన్ను ఆగం చెయ్యవు గదా?"

"ఏమో! ఇల్లు ఇల్లే, కాలేజీ కాలేజే. ఆడ మొగడు లేడు, ఎవ్వడు లేడు."

"నీకు దండం పెడ్త శైలూ. అడిగినవనుకో, హుస్నాబాద్ బస్సెక్కి పారిపోత."

శైలజ కిసుక్కున నవ్వి, ఆక్సిజన్‌లోంచి ఇంకో పల్లీ తీసి తాను నోట్లో వేసుకుంది.

మరునాడు పది గంటలకు, చాక్‌పీసు పట్టుకొని సతీశ్ బోర్డు వైపు తిరిగాడో లేదో, మొదటి బెంచీలో అమ్మాయిల మధ్యనుంచి శైలజ లేచి నిలబడి, "సార్, ఎలక్ట్రాన్ పోతే ఆక్సిజన్ బంధం గట్టిపడుడేంది సార్?" అని ఏమీ ఎరగనట్టు అడిగింది.