ఎదురింటి చదువు

వచ్చే వారం నాకు గుండె ఆపరేషన్. నెల రోజులు మా ఆయన ఇంట్లో ఒంటరిగా ఉండగలరో లేదో చూడటానికి ఆసుపత్రి నుంచి నర్సమ్మ వచ్చింది. ఉండలేరంటే అన్నాళ్ళూ వృద్ధాశ్రమంలో చేర్చాలట.

"బాబాయిగారూ, వాషింగ్ మెషీన్ వేసి చూపించండి."

నలభై ఏళ్ళ కాపురంలో మంచినీళ్ళు కూడా ముంచుకోని మనిషి. లేచి, విడిచిన చొక్కా జేబులు తడిమి, చొక్కాని తిరగేసి మెషీన్‌లో వేసి మీట నొక్కారు. కరెంటు పొయ్యి మీద పాలు కాచారు. ఫోన్‌లో అంబులెన్స్ నంబరు తీసి చూపించారు.

"పదికి పది!" అంది నర్సమ్మ.

ఈయన్ని గట్టెక్కించమని పొద్దున దేవుణ్ణి వేడుకున్నదాన్నే, ఒళ్ళు భగ్గుమంది. బట్టలు అలా తిరగేసి ఉతికేది ఎదురింటావిడ. ఆవిడ దండెం మీద రోజూ చూస్తూనే ఉన్నాను. నెల నుంచి ఈయన పేపరు చదవడానికని మధ్యాహ్నాలు ఆ ఇంటికి వెళ్ళింది ఇందుకా!

నర్సమ్మ గుమ్మం దాటగానే అడిగేశాను.

"ఆవిడ చెబితే బుద్ధిగా నేర్చుకున్నారే! నేను నేర్పుతానంటే ఒక్కనాడైనా దగ్గరికొచ్చారా? నేనేం తక్కువయ్యానండీ?"

ఆయన పాలగిన్నె కడుగుతూ, తల తిప్పకుండానే అన్నారు.

"నువ్వు లేకుండా ఎలా బతకాలో నీ దగ్గరే నేర్చుకోమంటావుటే?"